రోటర్ నా చేతిలోనే ఉంది

ఆ రోజు జీపులో ఉన్నవాళ్లం ఆరుగురం. స్టీరింగ్ దగ్గర మా అన్న నర్సింలు. పక్క సీట్లో మా వదిన లక్ష్మి, ఆమె ఒళ్లో చిన్నది సునీత. దానికి నాలుగేళ్లు ఇంకా నిండలేదు. వెనక బల్ల మీద నేను, నాకు చెరోపక్క అన్న కొడుకులు రాజు, శీను. రాజుకు తొమ్మిదేళ్లు, శీనుకు ఆరు.

సామాన్లు: తడి గోనెసంచి చుట్టిన నీళ్ల సురాయి, మజ్జిగ క్యాను, జొన్నరొట్టెలూ ఎల్లిగడ్డ కారమూ కట్టిన గుడ్డ మూట, పిల్లలు పడుకోవడానికి ఒక చద్దరు. సీటు కింద పనిముట్ల డబ్బాలో రెండు స్పానర్లు, ఒక స్క్రూడ్రైవర్, ఒక ఫ్యాన్ బెల్టు, ఒక పాత ప్లగ్గు, టేపు చుట్ట. ఆ డబ్బాలో అంతకుమించి ఏమీ లేదు. బయల్దేరే ముందు నేనే సర్దాను. ఇది చిన్న విషయమే కానీ, తర్వాత దీని గురించి చాలాసార్లు ఆలోచించాల్సి వచ్చింది.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాను. మా ఊళ్లో ఎవరికైనా జ్వరమొస్తే గాలి సోకిందని మా మేనత్త నిమ్మకాయ తిప్పి గడప బయట పెట్టేది. నేను దాన్ని తెచ్చి షర్బత్ చేసుకుని తాగేవాణ్ణి. నాకెప్పుడూ ఏమీ కాలేదు. ఇప్పటికీ ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే మధ్యలో ప్రశ్నలు వేసి పాడు చేసేది నేనే. ఇప్పుడు నేనే ఒకటి చెబుతున్నాను కాబట్టి, నేను వేసే ప్రశ్నలన్నీ ముందు నాకే వేసుకున్నాను. జవాబులు దొరికినంత మేరకు కింద రాస్తున్నాను.

ఎనభై మూడో సంవత్సరం, మే నెల, ఒక ఆదివారం. మాది జహీరాబాద్. అన్నకు ఎరువుల దుకాణం. నేను అప్పుడే చదువు ముగించి, ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో అప్రెంటిస్ పిలుపు కోసం ఎదురుచూస్తూ అన్న ఇంట్లో ఉన్నాను. పొద్దున్నుంచి కరెంటు లేదు. పిల్లలు ముగ్గురూ ఇల్లు పీకి పందిరి వేస్తున్నారు. అన్న బనియన్‌తో విసనకర్ర పట్టుకుని కూర్చుని, ఉన్నట్టుండి లేచాడు.

"ఇంట్ల కూసొని ఉడుకుడేనా? లెవ్వున్రి. కోహీర్ దిక్కు తోటకు పోదాం."

వదిన వంటింట్లోంచి అంది, "గింత ఎండలనా? పిలగాళ్లు మాడిపోతరు."

"ఇంట్ల ఉంటె మాడ్తలేరా? ఆడ మామిడి చెట్ల నీడ ఉంటది, బాయి నీళ్లుంటయి. రొట్టెలు ఎన్నున్నయో మూట కట్టు."

అంతే. ముందు రోజు అనుకున్నది కాదు, ఎవరికీ చెప్పింది కాదు. ఆ తోట అన్న దగ్గర ఎరువులు కొనే ఒక రైతుది. ఎప్పుడైనా రమ్మని ఆయన చాలాసార్లు అన్నాడు. ఆ ఎప్పుడైనా ఆ ఆదివారం అయింది.

జీపు గురించి కొంచెం చెప్పాలి. అది మిలిటరీ వేలంలో ఎవరో కొని, ఇద్దరు ముగ్గురు చేతులు మారి అన్న దగ్గరికి వచ్చిన పాత పెట్రోల్ బండి. దానికి తాళంచెవి లేదు. మిలిటరీ బండ్లకు ఉండదు. డాష్‌బోర్డు మీద ఒక చిన్న స్విచ్చు తిప్పి, కింద కాలి దగ్గరున్న స్టార్టర్ తొక్కాలి. అంటే కాలు అందే వాళ్లెవరైనా దాన్ని కదిలించవచ్చు. శీను ఒకసారి ఆ పని చేశాడు. బండి గేరులో ఉంది. స్టార్టర్ తొక్కగానే ఎగిరి దూకి ఇంటి ముందు పశువుల కుడితి గోలేన్ని పగలగొట్టి ఆగింది. ఆ రోజు వాడి వీపు చిట్లింది. జీపుకు రెండు నియమాలు వచ్చాయి. ఒకటి, ఆపినచోట చక్రం కింద రాయి పెట్టాలి. రెండు, రోటర్ తీసి జేబులో వేసుకోవాలి.

పెట్రోల్ ఇంజన్ నడవాలంటే ప్రతి ప్లగ్గులో సమయానికి నిప్పురవ్వ పుట్టాలి. ఆ కరెంటు కాయిల్ నుంచి ఒకే తీగ మీద వస్తుంది. దాన్ని నాలుగు ప్లగ్గులకు వరసగా పంచిపెట్టేది డిస్ట్రిబ్యూటర్. దాని మూత తీస్తే లోపల ఒక ఇరుసు మీద బొటనవేలంత నల్లటి ముక్క ఉంటుంది. తిరుగుతూ కరెంటు పంచేది అదే. దాని పేరు రోటర్. వేలితో పైకి లాగితే ఊడి వస్తుంది. అది లేకపోతే స్టార్టర్ తిరుగుతుంది, కానీ ఇంజన్ అందుకోదు. పాత జీపులు నడిపేవాళ్లు బండి ఎవరూ ఎత్తుకుపోకుండా చేసే పని ఇదే. తాళం కంటే గట్టిది.

అన్నకు అది ఎంత అలవాటైందంటే, కిళ్లీ కొట్టు దగ్గర ఆగినా బోనెట్ ఎత్తేవాడు. ఒకసారి వదిన బట్టలు నానబెట్టి, ఆ ముక్కను అన్న ముందు పెట్టింది. "ఇగో, అంగి జాడిస్తుంటె నీ ఇంజన్ దొరికింది. తాళ్లకు ఆరేద్దునా?" అంది. అన్న దాన్ని ఎండలో ఆరబెట్టి మళ్లీ పెట్టుకున్నాడు.

తోటకు చేరేసరికి సునీత నిద్రపోయింది. అన్న దాన్ని భుజాన వేసుకుని దిగుతూ, "తమ్మీ, నా చేతులు ఖాళీ లేవు. రాయి పెట్టి రోటర్ తీస్కో" అన్నాడు. మామూలుగా అది ఆయన పని. ఆ రోజు నేను చేశాను.

ఎడమ ముందు చక్రం కింద రాయి పెట్టాను. బోనెట్ ఎత్తాను. మూత క్లిప్పులు చెయ్యి కాలేంత వేడిగా ఉంటే రుమాలు అడ్డం పెట్టి తీశాను. రోటర్ లాగాను. దుమ్ము పడకుండా మూత తిరిగి పెట్టి రెండు క్లిప్పులూ బిగించాను. రోటర్ని అదే రుమాల్లో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాను. ఆ చొక్కా జేబు మీద గ్రీసు మరక ఇప్పటికీ పోలేదు.

తోట కాపలాదారు బక్కయ్య, అతని భార్య అంజమ్మ. వాళ్లు మాకు బావి పక్కన పెద్ద చెట్టు కింద చోటు ఊడ్చి ఇచ్చారు. అక్కడి నేల ఎర్రగా ఉంటుంది. గట్ల మీద పొక్కలు పొక్కలుగా ఉండే ఎర్ర రాళ్లు పేర్చి ఉన్నాయి. రొట్టెలు తిన్నాం, మజ్జిగ తాగాం. అంజమ్మ కొన్ని పచ్చి మామిడికాయలు కోసి ఉప్పూ కారమూ అద్ది ఇచ్చింది. అన్న చద్దరు మీద వాలాడు. సునీత నిద్రలేచి గట్టు దగ్గర చిన్న చిన్న రాళ్లు ఏరుకుంటోంది. వదిన దాన్ని చూస్తూ కూర్చుంది.

మగపిల్లలిద్దరికీ తోట ఆ పాటికే విసుగు పుట్టింది. రైలు చూపించమని నా ప్రాణం తీశారు. తోట దాటి కోసేసిన జొన్న చేను, ఆ చేను దాటితే రైలు పట్టాలు. పగటి పూట ఒక బండి పోతుందని బక్కయ్య చెప్పాడు. ఇద్దరినీ తీసుకుని వెళ్లాను. పట్టాల కింద నీళ్లు పోయే చిన్న మోరీ ఉంది. ఆ నీడలో కూర్చున్నాం. రైలు రాలేదు.

రాజు నా జేబు చూసి అడిగాడు. "కాకా, గా జేబుల ఏం దాసినవ్? మిఠాయేనా?"

రుమాలు విప్పి చూపించాను. చదువు కొత్తగా ముగించినవాణ్ణి కదా, ఎవరైనా అడిగితే చాలు. ఇసుకలో నాలుగు గీతలు గీసి నాలుగు ప్లగ్గులు అన్నాను. మధ్యలో రోటర్ పెట్టి తిప్పుతూ చూపించాను. శీను దాన్ని లాక్కుని వాసన చూశాడు. వాడి వేళ్లు నల్లగా అయ్యాయి.

"ఇది లేకుంటె మన జీపు నడువదా?" అన్నాడు.

"నడువది."

"నాయిన తోసినా?"

"నాయిన తోసినా నడువది. ఎడ్లను కట్టి గుంజితే బండి కదుల్తది. ఇంజన్ మాత్రం లెవ్వది."

వాడు దాన్ని నా చేతికి ఇచ్చాడు. నేను చొక్కా అంచుతో దాని మీది ఇసుక తుడుస్తున్నాను. అప్పుడు తోట వైపు నుంచి జీపు చప్పుడు వినిపించింది.

ఆ జీపు సైలెన్సర్‌కు ఒక చిల్లు ఉంది. దానివల్ల వేగం అందుకునేటప్పుడు పక్కనే ఎవరో రేకు డబ్బా కొడుతున్నట్టు ఉంటుంది. ఆ చప్పుడు మా వీధిలో పిల్లలందరూ గుర్తుపడతారు. మేం ముగ్గురం లేచి నిలబడ్డాం. చేను బోసిగా ఉంది కాబట్టి బండ్ల బాట కనిపిస్తోంది. ఎర్ర దుమ్ము లేపుకుంటూ జీపు పోతోంది. అన్న నడుపుతున్నాడు. పక్కన వదిన పసుపు చీర కనిపించింది.

"కాకా! నాయిన మనల్ని ఇడిసిపెట్టి పోతుండు!" అని రాజు అరిచాడు.

శీను అరవలేదు. నా చేతి వైపు చూశాడు.

"కాకా, రోటర్ నీ చేతుల్నే ఉంది గద."

నా చేతిలోనే ఉంది. నేను దాన్ని చూశాను, జీపును చూశాను. జీపు మలుపు తిరిగి మెరక ఎక్కి, చింతచెట్ల వెనక కనబడకుండా పోయింది. చప్పుడు మాత్రం రోడ్డు దాకా వినబడింది. అప్పటికి అక్కడ ఏం జరిగిందో కూడా నాకు తెలియదు.

పిల్లల చేతులు పట్టుకుని తోటకు పరుగెత్తాను. అంజమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"యాడికి పోయినవ్ కొడకా? చిన్న పిల్లకు తేలు కుట్టింది. రాయి లేపింది, రాయి కింద ఉన్నది. వేలంత లేదు, ఎర్ర తేలు. పిల్ల చెమటలు, వాంతులు. చేతులు సల్లగయినయి."

పక్క తండాలో తేలు మంత్రం వేసే అతను ఉన్నాడట. నడిచి వెళ్లవచ్చు, తీసుకొస్తానని బక్కయ్య అన్నాడట. అన్న, "మంత్రం లేదు గింత్రం లేదు, దవాఖానకు పోవాలె" అని బిడ్డను వదిన ఒళ్లో వేసి జీపులో కూర్చున్నాడట.

నేను అడగకూడని సమయంలో అడిగాను. "జీపు ఎట్ల స్టార్టయింది?"

అంజమ్మ నా వంక వింతగా చూసింది. "ఎట్ల అయితది? కాలుతోటి తొక్కిండు, అయింది."

బక్కయ్య మాత్రం కొంచెం వివరంగా చెప్పాడు. "మొదలు రెండుసార్లు కుర్రుకుర్రుమన్నది. పిల్ల మెడ ఎనకకు ఏలాడేసింది. మీ వదినె ఓ అని మొత్తుకున్నది. మీ అన్న మళ్ల తొక్కిండు. గప్పుడు అందుకున్నది."

"బోనెట్ లేపిండా?"

"గంత టైము యాడిది సారూ?"

జీపు ఆపిన చోటు చూశాను. నేను పెట్టిన రాయి పక్కకు దొర్లి ఉంది. నేల మీద ఇంజన్ నూనె చుక్కలు, చక్రాల గుర్తులు ఉన్నాయి. తోసిన కాళ్ల గుర్తులు లేవు. అక్కడి నుంచి బాట మెరక వైపు పోతుంది, పల్లానికి కాదు.

మేం ముగ్గురం రోడ్డు దాకా నడిచాం. అల్లం విత్తనం వేసుకుని పోయే ట్రాక్టర్ ఒకటి దొరికింది. ట్రాలీలో బస్తాల మీద కూర్చున్నాం. దారి పొడుగునా ఎక్కడో ఒకచోట జీపు ఆగిపోయి ఉంటుంది, అన్న బిడ్డను ఎత్తుకుని రోడ్డు మీద నిలబడి ఉంటాడు అనుకుంటూ రెండు పక్కలా చూస్తున్నాను. నిజం చెప్పాలంటే అలా కనబడాలనే చూస్తున్నాను. ఆగి ఉంటే నా జేబులోది పెట్టి వెంటనే తీసుకుపోవచ్చు. ఆగకుండా పోయి ఉంటే అది నాకు అర్థం కాని విషయం. ఊరి ముందు రైలు గేటు వచ్చింది. అక్కడా జీపు లేదు. దవాఖాన వచ్చింది. గేటు లోపల, చెట్టు కింద, అడ్డదిడ్డంగా ఆపి ఉంది.

నేను దాని దగ్గరికి పోలేదు. పిల్లలను తీసుకుని నేరుగా లోపలికి పోయాను.

సునీతకు సెలైన్ ఎక్కిస్తున్నారు. ముఖం పాలిపోయింది. ముక్కు కింద చెమట తుడుస్తున్న కొద్దీ పోస్తోంది. వదిన మంచం పక్కన నేల మీద కూర్చుని బిడ్డ పాదాలు రుద్దుతోంది. అన్న నన్ను చూసి, "పిలగాళ్లు వచ్చిన్రా" అన్నాడు. మళ్లీ మంచం వైపు తిరిగాడు. ఎర్ర తేలు విషం చిన్నపిల్లల గుండెకు, ఊపిరితిత్తులకు ప్రమాదమని, సాయంత్రం దాకా ఏమీ చెప్పలేనని డాక్టర్ అన్నాడు. తెచ్చేసరికే నాడి దొరకడం కష్టంగా ఉందని, ఇంకా ఆలస్యమయ్యుంటే తన చేతిలో ఉండేది కాదని కూడా చెప్పాడు.

సాయంత్రం దాకా ఎవరం కదల్లేదు. శీను గోడకు ఆనుకుని నిద్రపోయాడు. రాజు మాత్రం డాక్టర్ లోపలికి వచ్చినప్పుడల్లా లేచి నిలబడేవాడు, బడిలో లాగా.

ఎండ తగ్గే వేళకు సునీత కళ్లు తెరిచి దూప అంది. చెంచాతో నీళ్లు పోస్తే తాగింది, కక్కలేదు. డాక్టర్ చెయ్యి పట్టుకుని చూసి తల ఊపాడు. రాత్రికి ఇక్కడే ఉంచుతాం, ఇప్పుడు ఫర్వాలేదు అన్నాడు. వదిన అప్పుడు ఏడ్చింది. అన్న గోడ వైపు తిరిగి కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత ముఖం తుడుచుకుని నా దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు.

"తమ్మీ, రోటర్ ఇయ్యి. ఇంటికి పోయి చద్దర్లు, పాలు తెస్త."

ఎప్పటిలాగే అడిగాడు, అగ్గిపెట్టె అడిగినట్టు. నేను రుమాలు తీసి ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన రుమాలు విప్పుకుంటూ తలుపు దాకా నడిచాడు. అక్కడ ఆగాడు.

వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నేను ఆయన్నే చూస్తున్నాను.

"ఇది నీ తాన ఎందుకున్నది?" అన్నాడు.

"నువ్వే తియ్యమన్నవ్ గదనే. తోటల."

ఇద్దరం బయటికి వచ్చాం. బోనెట్ నేనే ఎత్తాను. మూత క్లిప్పులు రెండూ బిగించి ఉన్నాయి, నేను తోటలో బిగించినట్టే. తీశాను. లోపల ఇరుసు ఒక్కటే నిలబడి ఉంది. దాని మీద ఏమీ లేదు.

అన్న వెళ్లి సీట్లో కూర్చుని స్టార్టర్ తొక్కాడు. ఇంజన్ తిరిగింది, అందుకోలేదు. మళ్లీ తొక్కాడు. మూడోసారీ తొక్కాడు. లేవలేదు. నేను రోటర్ పెట్టి మూత బిగించాను. తొక్కగానే లేచింది. అన్న గేరు వేసి ఇంటికి వెళ్లిపోయాడు. చద్దర్లు, పాలు తెచ్చాడు.

మూడో రోజు సునీత ఇంటికి వచ్చింది. జరిగింది ఇంతే. మిగతావి నేను వేసుకున్న ప్రశ్నలు.

జీపులో ఇంకో రోటర్ ఉండి ఉండవచ్చా? లేదు. డబ్బాలో ఏమున్నాయో పైన రాశాను. ఒకవేళ ఉన్నా, అన్న బోనెట్ ఎత్తలేదు. దవాఖాన దగ్గర ఎవరైనా వచ్చి తీసి ఉంటారా? తీస్తే రెండు రోటర్లు ఉండాలి, ఒకటి నా చేతిలో, ఒకటి వాళ్ల చేతిలో. జీపుకు ఉన్నది ఒక్కటే.

జీపు వాలులో దొర్లుకుంటూ పోయిందా? తోట బాట మెరక అని చెప్పాను. పైగా ఊరి ముందు రైలు గేటు దగ్గర, మేం ఎదురుచూసిన ఆ రైలు కోసమే గేటు వేశారు. ఆ జీపు అక్కడ ఆగింది. మరుసటి వారం వెళ్లి గేటు కాపలా అతన్ని అడిగాను. అతనికి బాగా గుర్తుంది. "తేలు కుట్టిన బిడ్డ జీపే గద? రైలు పోయేదాంక డబ్బ కొట్టినట్టు ఒకటే సప్పుడు. ఇంజన్ బంద్ చెయ్యలే" అన్నాడు.

రోటర్ లేకుండానే రవ్వ ఎలాగో దూకి ఉంటుందా? ఇది నేను చాలా ఆలోచించాను. దూకినా అది ఇరుసులోకి పోయి ఇంజన్ ఇనుములో కలిసిపోతుంది, ప్లగ్గుల దాకా రాదు. మా బండ్లు బాగుచేసే హమీద్ భాయిని అడిగితే చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "అరె తమ్మీ, పెట్రోల్ లేకున్నా నడిచిందంటే జర ఆలోచిస్త. రోటర్ లేకుంటనా? అయ్యేది కాదు" అన్నాడు. నాకు పాఠం చెప్పిన లెక్చరర్ గారిని కలిసి చెప్పాను. ఆయన చివరిదాకా విని, నువ్వు తోటలో తీయలేదు, తీశానని అనుకుంటున్నావు, ఆందోళనలో మనిషి జ్ఞాపకం అలాగే ఉంటుంది అన్నారు. నేను తీసినప్పుడు ఆందోళన ఏమీ లేదు. ఆకలిగా మాత్రం ఉంది.

అన్న చెప్పేదీ కొంచెం అటూ ఇటూగా అదే. నేను తోటలో తీయడం మరిచిపోయానని, ట్రాక్టర్ దిగి దవాఖానలోకి వచ్చేటప్పుడు అలవాటు కొద్దీ తీసి జేబులో వేసుకున్నానని ఆయన వాదన. ఇంటికి ఎవరైనా చుట్టాలు వస్తే నవ్వుతూ ఇదే చెబుతాడు. "మా ఇంజనీరుకు యాడ తీసిండో యాదికి లేదు. అందుకే ఫ్యాక్టరోళ్లు ఇంక పిలుస్తలేరు" అనేవాడు. ఫ్యాక్టరీ పిలుపు వచ్చాక ఆ రెండో వాక్యం మానేశాడు.

ఈ వాదనకు ఒక్కటే చిక్కు. మోరీ నీడలో, జీపు చప్పుడు వినిపించినప్పుడు, ఆ ముక్క నా చేతిలో ఉంది. దాన్ని అంతకుముందే ఇద్దరు పిల్లలు పట్టుకున్నారు. శీను వేళ్ల నలుపు దవాఖానలో నర్సు చూసి సబ్బు ఇచ్చి కడిగించింది. రాజు, శీను ఇద్దరినీ వేరువేరుగా అడిగాను. ఇద్దరూ ఒకటే చెప్పారు. పిలగాళ్ల మాటలేం పట్టుకుంటవ్ అంటాడు అన్న.

వదిన ఈ చర్చలోకి రాదు. ఒక్కసారి మాత్రం, నేను అడగకుండానే, బియ్యం ఏరుతూ అంది.

"ఆ తొవ్వ పొడుగునా నాకు ఇంజన్ సప్పుడే ఇనరాలే రవీ. బిడ్డ ఊపిరి ఒక్కటే ఇన్న."

బిడ్డ మీద ధ్యాస ఉన్న తల్లికి వేరే చప్పుడు వినబడకపోవడం మామూలే. కాబట్టి దీన్ని నేను సాక్ష్యంగా లెక్కలోకి తీసుకోను. ఆమె అన్న మాట కాబట్టి రాశాను.

ఇంకొక్క సంగతి. అన్న ఇప్పుడు జీపును ఎక్కడ ఆపినా రోటర్ తీయడు. స్టీరింగ్‌కు గొలుసు వేసి తాళం పెడతాడు. ఎందుకు మార్చావని ఒకసారి అడిగాను. "ఊకె తీసుడు పెట్టుడు చేస్తే మూత ఖరాబైతది" అన్నాడు. అది నిజమే, మూత పాడవుతుంది. కానీ నాతో మాట్లాడుతున్నంతసేపూ ఆయన నా ముఖం చూడలేదు, బోనెట్‌ను చూశాడు.

ఇది జరిగి అయిదేళ్లయింది. సునీత మూడో తరగతికి వచ్చింది. తేలు కుట్టింది దానికి గుర్తు లేదు, మామిడికాయ ఉప్పు కారం మాత్రం గుర్తుందట. రాళ్లు ఏరడం మానలేదు.

నాకు ఇప్పటికీ దయ్యాల మీద నమ్మకం కలగలేదు. దేవుడి గురించి ఎవరైనా అడిగితే తెలియదు అంటాను. జరిగినదానికి ఒక పేరు పెట్టాలంటే నా దగ్గర పేరు లేదు. ఇంజన్ ఎలా పనిచేస్తుందో నాకు తెలుసు, ఫ్యాక్టరీలో రోజూ అదే పని చేస్తున్నాను. తెలిసినది ఏదీ ఆ రోజుకు సరిపోవడం లేదు.

కిందటి నెల అన్న దగ్గర జీపు అడిగి తీసుకుని ఒక్కణ్ణే ఆ తోటకు వెళ్లాను. బక్కయ్య లేడు, వేరే కాపలాదారు ఉన్నాడు. చెట్టు కింద జీపును తిప్పుకుని, బయల్దేరే ముందు మీటరు చూసుకున్నాను. మిలిటరీ బండి కాబట్టి మీటరు మైళ్లలో ఉంటుంది. రోటర్ ఇంజన్‌లోనే ఉంది. అన్న పోయిన దారినే, బండ్ల బాట, మెరక, రోడ్డు, రైలు గేటు దాటుకుని దవాఖాన లోపలి చెట్టు దాకా నడిపి ఆపి, మళ్లీ మీటరు చూశాను.

ఆరున్నర మైళ్లు.